చిన్నాన్న జీపుకి నేనిచ్చిన సలహా

పోయిన నెల మన కాలేజీ ఆటోమొబైల్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెద్ద గొడవ జరిగింది. ఒక సీనియర్ పాత డీజిల్ జీపు కొని దాన్ని 'పెర్ఫార్మెన్స్ బిల్డ్' చేస్తున్నాడు. కంపెనీ ఇచ్చిన ఫ్యాన్ పీకేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలా, ఉన్నదే ఉంచాలా అని అడిగాడు. అంతే, రెండు పార్టీలు అయిపోయాయి. ఒకళ్ళు 'స్టాక్ ఫ్యాన్ పవర్ తినేస్తుంది' అన్నారు. ఇంకొకళ్ళు 'కంపెనీ ఇంజనీర్లు పిచ్చోళ్ళా?' అన్నారు. రాత్రి ఒంటిగంట వరకూ మీమ్స్ వేసుకున్నారు. నేను ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు. ఎందుకంటే ఈ ప్రశ్నకి నేను రెండేళ్ళ క్రితమే చాలా కాన్ఫిడెంట్‌గా జవాబు చెప్పాను. దాని ఫలితం మా నాయనమ్మ పాడేరు ఘాట్‌లో, వానలో, కంటికి పచ్చగుడ్డ కట్టుకుని అనుభవించింది.

అందుకే ఇది వ్యాసంగా రాస్తున్నా. నేను సీఎస్ఈ, మెకానికల్ కాదు. చదివిందంతా ఇంగ్లిష్ మీడియం కాబట్టి నా తెలుగులో తప్పులుంటే క్లబ్ ఎడిటర్లు దిద్దుతారని నమ్మకం. ఫ్యాన్ గురించి నా అభిప్రాయంలో తప్పులుంటే మాత్రం మీరే దిద్దాలి.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లా పెదబయలు. పాడేరు నుంచి ముంచంగిపుట్టు వెళ్ళే దారిలో వస్తుంది. బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకంలో సీటొచ్చి నేను చిన్నప్పుడే కిందికి, అంటే మైదానానికి, వచ్చేశాను. సెలవులకి ఇంటికెళ్ళాలంటే కిటికీలోంచి కాదు, చిన్నాన్న జీపులోంచే కొండలు చూసేవాణ్ణి. ఆయనది పాత డీజిల్ సర్వీసు జీపు. సంత రోజు పసుపు, రాజ్‌మా, అల్లం బస్తాలు పైన, మనుషులు లోపల, మిగిలినవాళ్ళు వెనక మెట్టు మీద. లోపలి ఊళ్ళ నుంచి డోలీలో మోసుకొచ్చిన వాళ్ళని రోడ్డు మీద ఎక్కించుకుని ఆసుపత్రికి చేర్చేదీ అదే జీపు. మా వైపు ఇలాంటి బండి ఆగిపోవడమంటే ఒక డ్రైవర్‌కి ఆ రోజు కిరాయి పోవడం మాత్రమే కాదు.

ఇంటర్ రెండో సంవత్సరం వేసవి సెలవుల్లో నాకు యూట్యూబ్ పిచ్చి పట్టింది. కార్లు మాడిఫై చేసే వీడియోలు. టెక్సాస్ వాడొకడు, ఆస్ట్రేలియా వాడొకడు. అందరూ ఒకటే మాట: ఇంజన్‌కి బిగించిన ఫ్యాన్ పాత కాలపు చెత్త, ఎలక్ట్రిక్ పెట్టు, పవర్ మిగుల్తుంది, మైలేజీ పెరుగుతుంది, ఇంజన్ ఆపేశాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది. నేను చిన్నాన్నకి ఫోన్లో వీడియో చూపించి, ఇంగ్లిష్ మాటల్ని తెలుగులో చెప్పి, గంటసేపు లెక్చర్ ఇచ్చాను.

"బాగా తిరుగుతున్నదాన్ని ఎందుకురా పీకడం?" అన్నాడు చిన్నాన్న.

"మైలేజీ పెరుగుద్ది చిన్నాన్నా."

ఆ మాట పనిచేసింది. డీజిల్ రేటు ఎవరికైనా పనిచేస్తుంది. పాత సామాన్ల షాపులో ఒక చిన్న కారు ఫ్యాన్ 1800 రూపాయలకి దొరికింది. పాత ఫ్యాన్, దాని చుట్టూ ఉండే రేకు డొప్ప రెండూ విప్పేశారు. కొత్త ఫ్యాన్ రేడియేటర్‌కి క్లాంపులతో బిగించి, దగ్గర్లో ఉన్న ఒక వైరు లాగి, డాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టారు. నేను ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను.

రెండు నెలలు ఏ గొడవా లేదు. సంత దగ్గర బండి స్టార్టింగ్‌లో ఉంచి జనం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఇదివరకటి కంటే ముల్లు కిందే ఉంటోందని చిన్నాన్నే చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను.

తర్వాత ఆగస్టులో నాయనమ్మకి విశాఖలో కంటి ఆపరేషన్ అయింది. తిరిగొస్తున్నాం. దారిలో తెలిసినవాళ్ళు ఎక్కారు, మాడుగులలో కొన్ని సిమెంటు బస్తాలు ఎక్కాయి. ఘాట్ మొదలయ్యేసరికి చీకటి, వాన. హెడ్‌లైట్లు, వైపరు, ఫ్యాన్ అన్నీ ఆన్. మోదకొండమ్మ పాదాలు ఇంకా రాకముందే చిన్నాన్న "ఏటిరా ఇది, ముల్లు పైకి పోతంది" అన్నాడు. రెండు మలుపుల తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన. ఫ్యూజు పెట్టిన డబ్బీ కరిగిపోయింది. ఫ్యాన్ ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఇంజన్ చప్పుడులో ఆ ఫ్యాన్ చప్పుడు వినపడదు.

బండి పక్కకి తీశారు. చిన్నాన్న వైరు కోసి ఫ్యాన్‌ని నేరుగా బ్యాటరీకి కలిపాడు. తిరిగింది! 'ఇంజన్ ఆపేశాక కూడా తిరుగుతుంది' అని నేను గొప్పగా చెప్పిన గుణం ఇదే. అరగంట తిరిగింది. ఇంజన్ చల్లబడింది. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే 'టక్' అని ఒక్క చప్పుడు. బ్యాటరీ మొత్తం ఫ్యాన్ తాగేసింది. ఘాట్‌లో ఎదురెక్కుతున్న బండిని తోసి స్టార్ట్ చేసే పని లేదు. నా ఫోన్లో సిగ్నల్ లేదు. టెక్సాస్ వాడు ఏ సాయమూ చెయ్యలేడు. చివరికి ఒక లారీ డ్రైవర్ ఆగి, తన బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి స్టార్ట్ చేయించాడు. మొత్తం గంటన్నర. నాయనమ్మ కంట్లో వాన పడకుండా నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. ఈ ఫ్యాన్ సలహా నాదని ఆమెకి తెలీదు. చిన్నాన్న కూడా చెప్పలేదు. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది అదే.

ఆ తర్వాత నేను చదవాల్సింది చదివాను. ఇప్పుడు నా పాయింటుకి వస్తా.

ఏ ఫ్యాన్ మంచిది అనే ప్రశ్నే సగం ప్రశ్న. బండి ఎంత స్పీడులో పోతోంది, ఇంజన్ ఎంత స్పీడులో తిరుగుతోంది అనే రెండు ఇన్‌పుట్లు ఇస్తేనే జవాబు వస్తుంది. మూడు సందర్భాలు చూడండి.

ఒకటి, హైవే. బండి 80లో పోతోంది. ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఫ్యాన్ దాదాపు అవసరం లేదు. ఇక్కడ ఇంజన్‌కి నేరుగా బిగించిన ఫ్యాన్ నిజంగానే దండగ. పైగా ఫ్యాన్ రూల్ ఏంటంటే, వేగం రెట్టింపైతే గాలి రెట్టింపవుతుంది, కానీ అది తినే పవర్ 8 రెట్లు అవుతుంది. యూట్యూబ్ వాళ్ళు చెప్పేది ఈ కేసే. కరెక్టే.

రెండు, సిటీ ట్రాఫిక్. విశాఖలో గాజువాక జంక్షన్ అనుకోండి. బండి కదలదు, ఇంజన్ ఐడిల్‌లో నెమ్మదిగా తిరుగుతుంది. ఇంజన్‌కి కట్టిన ఫ్యాన్ కూడా నెమ్మదే. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కి ఇంజన్ స్పీడుతో పనిలేదు, ఫుల్‌గా తిరుగుతుంది. ఇక్కడ ఎలక్ట్రిక్‌దే గెలుపు. మా సంత దగ్గర ముల్లు కిందికి దిగింది ఇందుకే.

మూడు, ఘాట్. బండి 20లో పాకుతోంది, ఎదురుగాలి లేనట్టే. కానీ సెకండ్ గేర్‌లో ఇంజన్ గట్టిగా తిరుగుతోంది. అంటే ఇంజన్‌కి కట్టిన ఫ్యాన్ కూడా గట్టిగా తిరుగుతోంది. సరిగ్గా వేడి ఎక్కువ పుట్టే టైములోనే గాలి ఎక్కువ లాగుతోంది. ఏ సెన్సరూ లేదు, ఒక్క లైను కోడ్ లేదు. బెల్టు ఒక్కటే ఆ లెక్క చేసేస్తోంది.

ట్రాఫిక్‌లో బండీ నెమ్మది, ఇంజనూ నెమ్మది. ఘాట్‌లో బండి నెమ్మది, ఇంజన్ మాత్రం పరుగు. బయటినుంచి చూస్తే రెండిట్లోనూ బండి నెమ్మదే కాబట్టి రెండూ ఒకటే కేసనుకున్నాను. నా తప్పంతా అక్కడే ఉంది.

వేడి ఎంత పుడుతుందో ఒక చిన్న లెక్క. బండి, మనుషులు, బస్తాలు కలిపి 2500 కిలోలు అనుకుందాం. పది మీటర్లకి ఒక మీటరు ఎక్కే రోడ్డు, స్పీడు గంటకి 20 కిలోమీటర్లు. కేవలం ఎత్తు ఎక్కడానికే సుమారు 13.6 కిలోవాట్లు, అంటే 18 హార్స్‌పవర్ కావాలి. ఇంజన్లో డీజిల్ శక్తి ఉజ్జాయింపుగా మూడు వంతులవుతుంది: ఒకటి పనికి, ఒకటి సైలెన్సర్‌లోంచి, ఒకటి రేడియేటర్‌కి. అంటే రేడియేటర్ మీద కూడా దాదాపు అంతే వేడి. మన హాస్టల్లో వార్డెన్‌కి తెలీకుండా వాడే 1 కిలోవాట్ హీటర్ రాడ్లు 13 ఒకేసారి బకెట్లో పెట్టినట్టు, అదీ ఘాట్ అయ్యేదాకా ఆపకుండా. చిన్న కారు ఫ్యాన్‌ని మేము దీని ముందు నిలబెట్టాం.

పైగా పాడేరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. అక్కడ మూత తీసిన గిన్నెలో నీళ్ళు 100 దాకా ఆగవు, 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూత ప్రెజర్ కుక్కర్ మూతలా పనిచేసి ఆ హద్దుని పైకి తోస్తుంది కాబట్టి బతుకుతున్నాం. మూత రబ్బరు పాడైతే ఏ ఫ్యాన్ పెట్టినా దండగే.

ఇప్పుడు కరెంటు లెక్క. 300 వాట్ల ఫ్యాన్ 12 వోల్ట్ల దగ్గర 25 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు 60 వాట్ల హెడ్‌లైట్లు ఇంకో 10. వైపరు, వెనక లైట్లు, హారన్ కలిపితే 40 దాటుతుంది. పాత జీపు ఆల్టర్నేటర్‌ని ఇంత లోడుకి ఎవడూ డిజైన్ చెయ్యలేదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పవర్ ఊరికే ఇవ్వదు. ఆ కరెంటు కూడా ఇంజన్ తిప్పే బెల్టు నుంచే రావాలి, మధ్యలో ఆల్టర్నేటర్ కొంత కమిషన్ కొట్టేస్తుంది. దీనికి తోడు మేము వేసిన సన్న వైరు. అది మెలమెల్లగా వేడెక్కి ఫ్యూజు డబ్బీని కరిగించింది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. 'మరి ఇప్పటి కార్లన్నిటికీ ఎలక్ట్రిక్ ఫ్యానే కదా, అవి అరకు ఎక్కట్లేదా? ఆదివారం తెల్లవారుజామున వంజంగి మేఘాలు చూడ్డానికి వచ్చే కార్లన్నీ ఏంటి?' ఎక్కుతున్నాయి, సుబ్బరంగా ఎక్కుతున్నాయి. మన దేశంలో ఆ మార్పు మనవాళ్ళు కళ్ళారా చూసిందే. అంబాసిడర్‌లో ఇంజన్ నిలువుగా ఉండేది, ఫ్యాన్ బెల్టుతో తిరిగేది. 1983లో వచ్చిన మారుతి 800లో ఇంజన్ అడ్డంగా కూర్చుంది. అడ్డంగా ఉన్న ఇంజన్ బెల్టు ముఖం పక్కకి ఉంటుంది, రేడియేటర్ ముందుంటుంది, కాబట్టి ఎలక్ట్రిక్ ఫ్యాన్ తప్పనిసరి. మన కాలేజీ వాళ్ళు ఫార్ములా పోటీలకి బైక్ ఇంజన్‌తో చేసే కార్లకీ అంతే, అక్కడ వేరే ఆలోచనే అక్కర్లేదు. కానీ ఆ కార్లలో రేడియేటర్ సైజు, ఫ్యాన్ సైజు, ఆల్టర్నేటర్, వైరింగ్, రెండు మూడు స్పీడులు, ఎప్పుడు ఏది ఆన్ చెయ్యాలో చెప్పే కంప్యూటర్, అన్నీ కలిపి ఒకేసారి డిజైన్ చేశారు. మేము చేసింది ఏంటి? ఒక ప్రోగ్రామ్‌లోంచి ఒక ఫంక్షన్ కాపీ కొట్టి, దాని లైబ్రరీలు ఏవీ లేకుండా ఇంకో ప్రోగ్రామ్‌లో పేస్ట్ చేశాం. రన్ అయిందని సంబరపడ్డాం.

స్టాక్ ఫ్యాన్ అంటే ఎప్పుడూ ఫుల్‌గా తిరిగేదే అనుకోవడం కూడా తప్పు. చాలా బళ్ళలో విస్కస్ క్లచ్ ఉంటుంది. ముందు ఒక చిన్న మెలికల స్ప్రింగు ఉంటుంది, రెండు లోహాలు అతికించి చేసింది. రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడెక్కితే అది మెలి తిరిగి లోపల సిలికాన్ నూనెకి దారి తెరుస్తుంది. నూనె వచ్చాక ఫ్యాన్ పుల్లీతో పాటు గట్టిగా తిరుగుతుంది. చల్లగా ఉంటే విడిపోయి మెల్లగా తిరుగుతుంది. అంటే హైవేలో దండగ పవర్ అన్న గొడవని ఇది చాలావరకు తీర్చేసింది. అలాంటి బండికి 'ఎలక్ట్రిక్ పెడితే బోలెడు హార్స్‌పవర్' అనే మాట నమ్మకండి. మిగలాల్సింది చాలావరకు ఇప్పటికే మిగిలింది.

ఇంకో తేడా నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది: పాడైనప్పుడు ఎలా పాడవుతుంది? విస్కస్ క్లచ్‌లో నూనె కారితే సాధారణంగా కొద్దికొద్దిగా జారుతుంది. ముల్లు రోజూ ఒక గీత పైన కనపడుతుంది. బెల్టు వదులైతే కీచుమంటుంది. బండి నీకు ముందే చెప్తుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఫ్యూజు పోతే ఆ క్షణమే సున్నా, చప్పుడు ఉండదు. మనం సర్వర్లకి మానిటరింగ్ పెట్టాలి, అలర్ట్ రావాలి అని క్లాసులో చదువుతాం. చిన్నాన్న బండిలో ఉన్న మానిటరింగ్ మొత్తం పీకేసి నేను ఒక స్విచ్ పెట్టించాను.

ఎలక్ట్రిక్ వైపు కూడా న్యాయంగా చెప్పాలి. బెల్టు తెగితే స్టాక్ ఫ్యానూ ఆగుతుంది, చాలా జీపుల్లో దాంతోపాటు వాటర్ పంపూ ఆగుతుంది. మా వైపు వంతెన లేని గెడ్డలు దాటేటప్పుడు ఇంజన్‌కి కట్టిన ఫ్యాన్ నీళ్ళలో తిరిగితే రెక్కలు వంగి రేడియేటర్‌కే తగలొచ్చు. ఎలక్ట్రిక్ అయితే స్విచ్ ఆపేసి దాటొచ్చు. ఘాట్ ఎక్కి వెంటనే ఇంజన్ ఆపేస్తే లోపలి వేడి ఎటూ పోదు, అప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొద్దిసేపు తిరగడం నిజంగా లాభమే, బ్యాటరీ బాగుంటే. స్టాక్ ఫ్యాన్ ఉన్నవాళ్ళు దానికి బదులు రెండు మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపితే సరిపోతుంది. మా చిన్నాన్న నాకంటే ముందునుంచీ చేస్తున్న పనే అది.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. బరువుతో కొండ ఎక్కే, ఇంజన్ నిలువుగా ఉన్న బండికి స్టాక్ ఫ్యానే ఉంచండి. డబ్బులు ఖర్చుపెట్టాలని చెయ్యి దురద పెడితే ముందు ఈ పనులు చెయ్యండి. రేడియేటర్ గదుల్లో ఇరుక్కున్న మట్టి, పురుగులు కడిగించండి. మూత మార్చండి. ఉత్త నీళ్ళు కాకుండా కూలెంట్ పోయండి. ఫ్యాన్ చుట్టూ ఉండే డొప్ప, ష్రౌడ్ అంటారు, అది ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ మొత్తంలోంచి గాలి లాగదు, పక్కనున్న గాలినే గిరగిరా తిప్పుతూ ఉంటుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు విస్కస్ ఫ్యాన్‌ని చేత్తో తిప్పి చూడండి, కాస్త పట్టు ఉండాలి. గిర్రున తిరిగితే క్లచ్ పోయినట్టే.

అయినా ఎలక్ట్రిక్ కావాలంటే పూర్తిగా చెయ్యండి: ఆంపియర్లు లెక్కవేసి ఆల్టర్నేటర్, మందపాటి వైరు, రిలే, సరైన ఫ్యూజు, వేడిని బట్టి ఆన్ అయ్యే స్విచ్, ఫ్యాన్‌కి కరెంటు ఆగితే వెలిగే ఒక లైటు. ఇవన్నీ పెట్టలేకపోతే దాన్ని స్టాక్ ఫ్యాన్‌కి తోడుగా రేడియేటర్ ముందు పెట్టండి, సంత దగ్గరా ట్రాఫిక్‌లోనూ వాడుకోండి. ఉన్నదాన్ని తీసెయ్యడం మాత్రం వద్దు.

మా సీనియర్‌కి కూడా ఇదే చెప్తున్నా. అన్నా, నీ జీపు ఎక్కువ తిరిగేది బీచ్ రోడ్డులో సిగ్నల్స్ మధ్యా, లంబసింగి ఘాట్‌లోనా అన్నది ముందు తేల్చుకో. పెర్ఫార్మెన్స్ అంటే సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు అని మనం చదువుకున్నాం. ఆ లెక్క రాసినవాళ్ళ రోడ్డు చదునుగా ఉంది, దగ్గర్లో గ్యారేజీ ఉంది, ఫోన్లో సిగ్నల్ ఉంది. మా రోడ్డు మీద పెర్ఫార్మెన్స్ అంటే వానలో, రాత్రి, బరువుతో, ఆగకుండా పైకి చేరడం.

ఆ మర్నాడే చిన్నాన్న అటక మీంచి పాత ఫ్యాన్, డొప్ప దించాడు. పారెయ్యలేదు, గోనెసంచిలో చుట్టి దాచాడు. నేను పానా అందిస్తుంటే అడిగాను, "మరి నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు చిన్నాన్నా, వద్దని?"

"సదువుకున్నోడివి, సెప్పావు. ఓపాలి సూద్దారనుకున్నాను," అన్నాడు.

ఈ వ్యాసం అంతా ఆ ఒక్క మాట కోసమే రాశాను. మన ఇళ్ళల్లో మనం చెప్పేది చాలాసార్లు కరెక్టని కాదు, మనం చదువుకున్నామని వింటారు. వాళ్ళ డబ్బు, వాళ్ళ బండి, వాళ్ళ రోడ్డు మన మాట మీద పెట్టేస్తారు. అందుకే ఇంటికి సలహా ఇచ్చే ముందు ఆ వీడియో తీసినవాడి రోడ్డు ఎలా ఉందో ఒకసారి చూడండి. ఆ తర్వాత మన రోడ్డు ఎలా ఉందో, దాని మీద ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్నవాళ్ళని అడగండి. నేను ఆ రెండో పని చెయ్యలేదు. అడిగి ఉంటే చిన్నాన్నకి ఐదు నిమిషాలు పట్టేది.